ఒక్కడే ఉంటే చెయ్యని పని

అండమాన్‌లోని డిగ్నాబాద్‌లో ఒక ఇల్లు ఊహించుకుందాం. తండ్రిది శ్రీకాకుళం తీరంలో ఒక పల్లె. పదిహేనేళ్ల కిందట ఓడెక్కి అండమాన్ వచ్చి చేపల పడవ మీద పనికి కుదిరాడు. తల్లి రెండిళ్లలో వంట చేస్తుంది. కొడుక్కి పదహారు, కూతురికి పన్నెండు. ఒకరోజు రాత్రి తొమ్మిది దాటాక తల్లి ఫోన్ మోగింది. పోలీసు స్టేషన్ నుంచి. కొడుకూ, అతని ఇద్దరు స్నేహితులూ కలిసి, ఎవరో తాళంచెవి మర్చిపోయి వెళ్లిన స్కూటరెక్కి, దిగుడు రోడ్డు మలుపులో గోడకు గుద్దారు. దెబ్బలు పెద్దగా తగల్లేదు. స్కూటర్ ముందు భాగం నుజ్జయింది.

తల్లి స్టేషన్‌కి పరిగెత్తుకెళ్లి మొదట అడిగే మాట ఒకటే: “ఎందుకు సేసినావురా?”

కుర్రాడు నేల చూస్తూ చెప్పే జవాబూ ఒకటే: “తెల్దమ్మా.”

ఈ ఇల్లు నేను అల్లుకున్నది. బాలల కేసుల్లో పేర్లూ ఆనవాళ్లూ బయటపెట్టకూడదని మన జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. అందుకే నిజమైన ఏ ఇంటి గుమ్మమూ తొక్కడం లేదు. కానీ ఆ ప్రశ్న, ఆ జవాబు ఏ ఊళ్లోనైనా వినబడేవే. తల్లికి ఆ జవాబు అబద్ధంలా తోస్తుంది, పోలీసుకు మొండితనంలా తోస్తుంది. ఎందుకంటే వాడు మరీ తెలియనివాడేం కాదు. దొంగతనం తప్పని తెలుసు. లైసెన్సు లేదనీ తెలుసు. అదే స్కూటర్ పక్కనుంచి పొద్దున ఒక్కడే నడిచి వెళ్లినప్పుడు దాన్ని ముట్టుకోలేదు కూడా. రాత్రికి ఏం మారింది?

కౌమారం మీద పరిశోధన చేసే మనస్తత్వ శాస్త్రజ్ఞులు యాభై ఏళ్లుగా తవ్వుతున్నది ఈ ప్రశ్ననే. “తెలీదు” అన్న ఆ జవాబు చాలామటుకు నిజమేనని వాళ్ల పనిలో తేలింది.

ఉడుకు నెత్తురు, చల్లని తల

మనవాళ్లు ఉడుకు నెత్తురు అంటారు. మాట పాతదే. దాని లోపలి యంత్రాంగం మాత్రం గత ముప్పై ఏళ్లలోనే స్పష్టపడింది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో జే గీడ్ బృందం పిల్లల మెదళ్లకు కొన్నేళ్ల ఎడంతో మళ్లీ మళ్లీ ఎమ్మారై తీస్తూ పోయింది. 1999లో వాళ్లు బయటపెట్టిన ఫలితం చాలామందిని ఆశ్చర్యపరిచింది. మెదడు పరిమాణం చిన్నతనంలోనే దాదాపు పూర్తయినా, లోపలి పని యవ్వనమంతా సాగుతూనే ఉంటుంది. వాడని కొమ్మలు కత్తిరించినట్టు కొన్ని నాడీ సంబంధాలు పోతాయి. వాడే దారుల మీద కొవ్వు పొర ఒకటి పేరుకుని సంకేతాలు వేగంగా పరిగెడతాయి. ఈ పని చివరగా ముగిసేచోటు నుదుటి వెనక భాగం. ముందువెనకలు ఆలోచించడం, చెయ్యబోయే పనిని ఆపుకోవడం అక్కడి పని.

ఇదే కాలంలో మెదడు లోతుల్లో ఉండే మరో వ్యవస్థ మంచి ఊపుమీద ఉంటుంది. కొత్తదనం, మెప్పు, గెలుపు, పులకింత కనబడితే “పద” అని తోసేది అదే. యౌవనం మొదలయ్యే హార్మోన్లతో పాటే దానికి బలం వస్తుంది.

సముద్రం మీద బతికేవాళ్లకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. డింగీకి కొత్త ఇంజను పెట్టారు. చుక్కాని పట్టే చెయ్యి మాత్రం ఇంకా కుదురుకోలేదు. సముద్రం నిమ్మళంగా ఉన్నంతసేపూ తేడా కనబడదు, పడవ సరిగానే పోతుంది. అల లేచినప్పుడు, గాలి తిరిగినప్పుడు బయటపడుతుంది.

టెంపుల్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెన్స్ స్టైన్‌బర్గ్ ఈ రెండు వ్యవస్థల వాదానికి ముఖ్యుడు. ఇది అమెరికా పిల్లల సంగతేనేమో అన్న అనుమానం చాలామందికి ఉండేది. అందుకని ఆయన బృందం 11 దేశాల్లో, 10 నుంచి 30 ఏళ్ల లోపు 5,404 మందిని పరీక్షించింది. ఆ దేశాల్లో భారతదేశమూ ఉంది. 2018లో వచ్చిన ఫలితాల ప్రకారం పులకింత కోసం వెంపర్లాట సుమారు 19 ఏళ్ల దగ్గర శిఖరానికి చేరుతుంది. తనను తాను అదుపు చేసుకునే శక్తి 23-26 ఏళ్ల దాకా పెరుగుతూనే వస్తుంది. దేశానికీ దేశానికీ హెచ్చుతగ్గులు ఉన్నాయి కానీ, ఇంజను ముందు, చుక్కాని తర్వాత అన్న వరస చాలా దేశాల్లో కనిపించింది.

ఇక్కడొక మెలిక ఉంది. చట్టానికి అన్నిటికంటే పనికొచ్చేదీ అదే. ప్రశాంతంగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, పక్కన ఎవరూ లేకుండా అడిగితే పదహారేళ్లవాడి తర్కం పెద్దవాళ్ల తర్కానికి దాదాపు సాటి వస్తుంది. లెక్క వేయగలడు, పర్యవసానాలు చెప్పగలడు. ఆవేశం, తొందర, స్నేహితుల చూపులు కలిసినప్పుడు అదే తల మరోలా పనిచేస్తుంది. తెలిసి ఉండటం ఒక సామర్థ్యం, తెలిసినదాన్ని ఆ క్షణంలో వాడుకోగలగడం మరొకటి. మొదటిది పదహారుకల్లా వస్తుంది. రెండోదానికి ఇంకా కొన్నేళ్లు పడుతుంది.

పక్కన ఇద్దరుంటే

ఆర్నెల్ల సావాసానికి వాళ్లు వీళ్లవుతారని సామెత. పరిశోధన చూస్తే ఆర్నెల్లు అక్కర్లేదు, ఆరు నిమిషాలు చాలు.

> ఆట కోసం వేసిన వల
>
> 2005లో మార్గో గార్డ్‌నర్, స్టైన్‌బర్గ్ 306 మంది చేత కంప్యూటర్ మీద కారు ఆట ఆడించారు. 13-16 ఏళ్ల పిల్లలు, 18-22 ఏళ్ల యువకులు, 24 దాటిన పెద్దలు, ఇలా మూడు జట్లు. కారు పోతుంటే పసుపు దీపం వెలుగుతుంది. కాసేపట్లో ఎర్ర దీపం పడి గోడ అడ్డొస్తుంది, కానీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఎంత దూరం పోతే అన్ని పాయింట్లు. గోడకు గుద్దితే వచ్చినవీ పోతాయి.
>
> కొందరు ఒంటరిగా ఆడారు. కొందరి పక్కన అదే వయసు స్నేహితులు ఇద్దరు కూర్చున్నారు. ఒంటరిగా ఆడినప్పుడు మూడు జట్లూ ఇంచుమించు ఒకేలా ఆడాయి. స్నేహితులు పక్కనుంటే 13-16 వాళ్ల తెగింపు సుమారు రెండింతలైంది. పెద్దల ఆట మారలేదు.
>
> 2011లో జేసన్ షైన్ బృందం ఇలాంటి ఆటనే మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి ఆడించింది. స్నేహితులు వేరే గదిలో ఉండి చూస్తున్నారని తెలిస్తే చాలు, టీనేజి పిల్లల మెదడులో పులకింతకు సంబంధించిన భాగం చురుకెక్కింది. పెద్దవాళ్లలో ఆ తేడా లేదు.

స్నేహితులు “ఎక్కరా” అని రెచ్చగొట్టాల్సిన పని కూడా లేదన్నది ఇందులో గమనించాల్సిన సంగతి. చూస్తూ ఉంటే చాలు. పిల్లల నేరాలు ఎక్కువగా ఇద్దరు ముగ్గురు కలిసి చేసేవి కావడానికి ఇదొక కారణం. మన ఊహలోని స్కూటర్ దగ్గర ముగ్గురున్నారు. ఒక్కొక్కడిని విడిగా పిలిచి అడిగితే ముగ్గురికీ అది తప్పని తెలుసు. కలిసి నిలబడినప్పుడు ఆ తెలివి ఎవరి చేతికీ అందలేదు.

మొక్కై వంగనిది?

మొక్కై వంగనిది మానై వంగునా అంటాం. చిన్నప్పుడే దొంగతనానికి చెయ్యి చాచినవాడు పెద్దయితే ఏమవుతాడో అన్న భయం ఆ సామెతలోనే ఉంది. తల్లిని ఆ రాత్రి నిద్రపోనివ్వనిదీ అదే భయం.

టెరీ మాఫిట్ న్యూజీలాండ్‌లోని డ్యునెడిన్ పట్టణంలో 1972-73లో పుట్టిన 1,037 మందిని దశాబ్దాల పాటు గమనిస్తున్న పరిశోధక బృందంలో ఒకరు. 1993లో ఆమె ఒక భేదం చూపించింది. మూడు నాలుగేళ్ల వయసు నుంచే ఇబ్బందులు మొదలై, పెద్దయ్యాక కూడా వదలనివాళ్లు కొద్దిమంది. యవ్వనంలో దారి తప్పి, ఇరవైల్లోకి వచ్చేసరికి పని, పెళ్లి, బాధ్యతల మధ్య సర్దుకునేవాళ్లు చాలామంది. పదహారేళ్ల వయసులో చేసిన పనిని బట్టి చూస్తే రెండు రకాలూ ఒకేలా కనబడతాయి. అందుకే ఆ ఒక్క రాత్రిని చూసి వీడింతే అని తేల్చడం శాస్త్రం ఒప్పుకోని పని.

చిన్న చిలిపి దొంగతనాల సంగతి సరే, తీవ్రమైన నేరాలు చేసిన పిల్లలు? ఫిలడెల్ఫియా, ఫీనిక్స్ నగరాల్లో అలాంటి 1,354 మందిని ఎడ్వర్డ్ మల్వీ బృందం ఏడేళ్లు వెంటపడి చూసింది. ఏడేళ్ల చివరికి పెద్దయెత్తున నేరాలు కొనసాగించింది పదిమందిలో ఒక్కరే. మిగతావాళ్లలో నేరం బాగా తగ్గిపోయింది, లేదా ఆగిపోయింది. నిర్బంధంలో ఎక్కువ కాలం ఉంచినందువల్ల మళ్లీ అరెస్టయ్యే అవకాశం తగ్గలేదు. మరో చిన్న ఫలితం నన్ను చాలాసేపు ఆపింది. మత్తు అలవాటున్న పిల్లలకు ఇచ్చిన చికిత్సల్లో, ఇతర నేరాలను కూడా తగ్గించినవి కుటుంబాన్ని లోపలికి తెచ్చిన చికిత్సలే.

దండం దశగుణం?

“ఒకసారి జైలు చూపించండి, భయం పడుతుంది.” ఇంట్లోనూ, వీధిలోనూ, కొన్నిసార్లు అధికారుల నోటా వినబడే సలహా ఇది. డిగ్నాబాద్ ఉన్న ఊళ్లో ఆ మాటకు బరువు ఎక్కువ. సెల్యులర్ జైలు అక్కడే ఉంది మరి.

ఆ జైలు కట్టించిన ఆలోచన కూడా భయం గురించిందే. 1858 మార్చిలో 200 మంది ఖైదీలతో ఇక్కడ శిక్షల కాలనీ మొదలైంది. కొన్నేళ్లు మంచిగా మెలిగినవాళ్లకు బయట సేద్యం చేసుకోనిచ్చారు, పెళ్లిళ్లు చేసుకోనిచ్చారు, దేశం నుంచి భార్యలను తెచ్చుకోనిచ్చారు. 1890లో విచారణకు వచ్చిన లయల్, లెత్‌బ్రిడ్జ్ అనే ఇద్దరు అధికారులకు ఇది నచ్చలేదు. ద్వీపాంతరం అంటే ఖైదీలకు భయం పోయిందనీ, మొదట కొంతకాలం కఠిన ఏకాంతం రుచి చూపించాలనీ సిఫార్సు చేశారు. 1896లో మొదలై 1906లో పూర్తయిన ఏడు రెక్కల సెల్యులర్ జైలు ఆ సిఫార్సు ఫలితం. ఆ గదులు మనిషిని ఏం చేశాయో మన స్వాతంత్ర్య చరిత్ర చెబుతుంది. ద్వీపాల్లో మాత్రం ఊళ్లు నిలబెట్టింది గదులు కాదు, ఆ పొలాలూ ఆ పెళ్లిళ్లూ. నేడు ‘లోకల్ బార్న్’ అని పిలిచే స్థానిక కుటుంబాల్లో చాలా వాటి మూలాలు అక్కడే ఉన్నాయి.

పిల్లల మీద భయం ఎలా పనిచేస్తుందో నేరుగా పరీక్షించారు కూడా. 1970లలో అమెరికాలో, న్యూజెర్సీలోని రావే జైలుకు పిల్లలను తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత గద్దించి భయపెట్టించే కార్యక్రమం నడిచింది. దానిమీద 1978లో తీసిన డాక్యుమెంటరీకి ఆస్కార్ వచ్చింది. దేశమంతా ఆ కార్యక్రమాన్ని అనుకరించింది. తర్వాత ఆంథనీ పెట్రోసినో తదితరులు, చీటీ వేసినట్టు పిల్లలను రెండు జట్లుగా విడదీసి చేసిన 9 ప్రయోగాలను ఒకచోట చేర్చి చూశారు. జైలు చూసొచ్చిన పిల్లలే ఆ తర్వాత ఎక్కువ నేరాలు చేశారు. ఏమీ చెయ్యకుండా వదిలేసినా ఇంతకంటే మేలు జరిగేది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఆ రాత్రి స్కూటర్ దగ్గర కుర్రాడికి కొరవడింది భయం గురించిన సమాచారం కాదు. ఆ క్షణంలో దాన్ని అందుకునే చెయ్యి. పగటిపూట పోగుచేసిన భయం రాత్రి ముగ్గురున్నప్పుడు అక్కరకు రాదు.

తోటివాళ్ల ప్రభావం ఇక్కడ కూడా తల దూరుస్తుంది. మసాచుసెట్స్‌లో 1939లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనంలో 506 మంది అబ్బాయిలున్నారు. సగం మందికి ఇంటికొచ్చి సలహాలిచ్చేవారు, చదువులో సాయం, వేసవి శిబిరాలు. అందరూ మెచ్చుకున్న కార్యక్రమం. ముప్పై ఏళ్ల తర్వాత జోన్ మెకార్డ్ వాళ్లను వెతికి పట్టుకుంటే, సాయం అందుకున్నవాళ్ల జీవితాలే కొన్ని విధాలుగా అధ్వాన్నంగా తేలాయి. ముఖ్యంగా శిబిరాలకు ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్లినవాళ్లవి. దారి తప్పుతున్న పిల్లలను ఒకచోట చేర్చితే ఒకడి గొప్పలకు ఇంకొకడు నవ్వుతాడు, ఆ నవ్వే బహుమతి. పిల్లలను హోమ్‌లో చేర్చేముందు అధికారులు పదిసార్లు ఆలోచించాల్సింది ఇందుకే. 29 ప్రయోగాలు, 7,304 మంది పిల్లల వివరాలు కలిపి 2010లో పెట్రోసినో బృందం చేసిన మరో సమీక్ష కూడా అదే దిక్కు చూపింది. పిల్లలను పూర్తిస్థాయి విచారణ గుండా నడిపించడం కంటే, మందలించి వదిలిపెట్టడమో సాయం అందే చోటికి పంపడమో చేసినప్పుడు తర్వాతి నేరాలు తక్కువ.

ఇంట్లో జరిగే బేరం

మన దేశంలో 2022లో బాలల మీద 30,555 కేసులు నమోదయ్యాయని జాతీయ నేర గణాంకాలు చెబుతున్నాయి. పట్టుబడినవాళ్లలో నాలుగింట మూడొంతులకు పైగా 16-18 ఏళ్లవాళ్లు. ఇంకో అంకె మీద అంతగా చర్చ జరగదు. ఏటికేడాది ఆ పట్టికల్లో చాలా పెద్ద భాగం తల్లిదండ్రుల దగ్గర ఉంటున్న పిల్లలే. దిక్కులేని బాల్యమే నేరానికి మూలమన్న మన సినిమా ఊహకు ఇది సరిపోదు. ఇల్లుంది, అమ్మానాన్నలున్నారు. అయితే ఇంట్లో ఏం జరుగుతోంది?

ఆరెగన్ రాష్ట్రంలో జెరాల్డ్ ప్యాటర్సన్ ఏళ్ల తరబడి తన బృందాన్ని ఇళ్లలోనే కూర్చోబెట్టి, తల్లీపిల్లల మధ్య ప్రతి మాటనూ, విసుగునూ, అరుపునూ గుర్తులు పెట్టి రాయించాడు. ఆయనకు కనిపించిన వరస ఇది. దీన్ని మన డిగ్నాబాద్ ఇంట్లోకి తెచ్చి చూద్దాం.

సాయంత్రం ఏడు. తల్లి పనినుంచి వచ్చి స్టవ్ మీద అన్నం పెట్టింది. కొడుకు చేతిలో ఫోన్. “పుస్తకం తియ్యరా.” పలకడు. “నీకే చెప్తున్నాను.” “ఉండమ్మా.” గొంతు పెరుగుతుంది. వాడి గొంతూ పెరుగుతుంది. పక్కింటివాళ్లు వింటారన్న సిగ్గు. అన్నం గిన్నె మూత ఎగిరి గంజి పొంగింది. “నీ ఇష్టమొచ్చినట్టు ఏడు” అని తల్లి వంటవైపు తిరిగింది.

ఆ క్షణంలో ఇద్దరికీ ఊరట. తల్లికి గొడవ తగ్గింది. కొడుక్కి పుస్తకం తప్పింది. అరిస్తే పని జరుగుతుందని వాడు నేర్చుకున్నాడు. వదిలేస్తే ప్రశాంతత వస్తుందని ఆమె నేర్చుకుంది. ఎవరూ ఎవరికీ పాఠం చెప్పలేదు, ఊరటే చెప్పింది. రేపు ఇంకాస్త ముందుగా అరుపు, ఇంకాస్త ముందుగా ఓటమి. ఓపిక పూర్తిగా నశించిన రోజున దెబ్బ. దెబ్బ తిన్న సాయంత్రం వాడు బయటకు పోతాడు. బయట ఎవరుంటారు? ఇంట్లో ఉండబుద్ధి కాని మిగతా ఇద్దరు.

ఇందులో చెడ్డ తల్లి లేదు, చెడ్డ కొడుకు లేడు. అలసట ఉంది. తండ్రి వేటకు పోతే రోజుల తరబడి రాడు, వచ్చిన రోజున నెల కోపమంతా ఒక్కసారి చూపిస్తాడు. శ్రీకాకుళంలో ఉంటే వాడిని మందలించే తాతా, వాడు గోడు చెప్పుకునే పిన్నీ ఉండేవాళ్లు. ఇప్పుడు వాళ్లకూ వీడికీ మధ్య మూడు రోజుల సముద్రం. వలస వచ్చిన ఇంట్లో ఈ బేరం విడదీసే మూడో మనిషి ఉండరు.

అడిగితే తెలిసేది, చెబితే తెలిసేది

“పిల్లల మీద ఓ కన్నేసి ఉంచాలి.” ఇదీ అందరం చెప్పే మాటే. ఎక్కడికెళ్తున్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు అన్నది తల్లిదండ్రులకు బాగా తెలిసిన ఇళ్లలో పిల్లలు తక్కువగా దారి తప్పుతారని ఎన్నో అధ్యయనాలు తేల్చాయి. అందుకే నిఘా పెంచమని సలహా.

స్వీడన్‌లో హోకన్ స్టాటిన్, మార్గరెట్ కెర్ 2000లో ఒక చిన్న ప్రశ్న వేశారు. ఆ తెలిసింది అసలు ఎలా తెలిసింది? పద్నాలుగేళ్ల పిల్లలనూ వాళ్ల తల్లిదండ్రులనూ విడివిడిగా అడిగితే మూడు దారులు కనిపించాయి. పిల్లల్ని అడగడం, బయటికి పోవడం మీద ఆంక్షలు పెట్టడం, పిల్లలే తమంతట తాము చెప్పడం. తల్లిదండ్రులకు తెలిసినదానిలో ఎక్కువ భాగం మూడో దారిన వచ్చింది. పిల్లవాడు చక్కగా మెలగడంతో గట్టిగా ముడిపడి ఉన్నదీ అదే. ఈ విషయం చదివాక పాత అధ్యయనాలన్నీ నాకు వేరేగా కనబడ్డాయి. నిఘా అనుకున్నది చాలావరకు నమ్మకం.

పిల్లలు చెప్పేది, చెబితే కొట్టరన్న చోట. చెప్పిన మాటను మర్నాడు బంధువుల ముందు వాడరన్న చోట. ఒకసారి “ఫలానా వాడు సిగరెట్ ఇచ్చాడమ్మా” అంటే పెద్ద గొడవైందనుకోండి, ఆ కిటికీ మూసుకుంటుంది. తర్వాత ఎన్ని ప్రశ్నలడిగినా “ఏం లేదు” అన్న మాటే వస్తుంది.

ఇంటికే వచ్చే చికిత్స

ఇల్లు ఇంత ముఖ్యమైతే చికిత్స కుర్రాడికి ఒక్కడికే ఎందుకు? అమెరికాలో స్కాట్ హెంగ్లర్, చార్ల్స్ బోర్డ్విన్ ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టారు. వాళ్ల పద్ధతిలో నిపుణుడు పిల్లవాడిని గదిలోకి పిలవడు, తానే ఇంటికి వెళ్తాడు. సాయంత్రం ఏడుకు, గంజి పొంగే వేళకు. తల్లి మాట ఎక్కడ తెగుతోందో చూస్తాడు. చెప్పేది ఒక్కసారే, చిన్నగా, జరిగేదాకా నిలబడి చెప్పడం నేర్పుతాడు. తండ్రితో మాట్లాడతాడు, బడికి వెళ్తాడు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఆ ఇద్దరు స్నేహితుల బదులు వాడికి ఫుట్‌బాల్ దొరికేలా చూస్తాడు. 1995లో వాళ్లు ప్రకటించిన ప్రయోగంలో 176 మంది పిల్లలున్నారు. నాలుగేళ్లలో మళ్లీ అరెస్టయినవాళ్లు ఈ పద్ధతిలో 26 శాతం, పిల్లవాడికి ఒక్కడికే సలహాలిచ్చిన జట్టులో 71 శాతం.

ఇంత తేడా అన్నిచోట్లా రాలేదని కూడా చెప్పాలి. ఇంగ్లండ్‌లో 684 కుటుంబాలతో చేసి 2018లో వెలువరించిన పెద్ద ప్రయోగంలో, అక్కడ మామూలుగా అందే సేవల కంటే ఈ పద్ధతి మెరుగని తేలలేదు. అక్కడి మామూలు సేవలు అప్పటికే బాగుండటం ఒక కారణం కావచ్చు. అసలేమీ అందని చోట ఫలితం ఎలా ఉంటుందన్నది వేరే ప్రశ్న. మనకు కావలసిందీ ఆ ప్రశ్నే.

బోర్డు బల్ల ముందు

మన చట్టం ఈ సంగతులను పట్టించుకోలేదనుకుంటే పొరపాటు. దేశంలో బాలల కోసం వేరే చట్టం మొదట చేసింది 1920లో మద్రాసు ప్రెసిడెన్సీ. అప్పట్లో మన కోస్తా జిల్లాలన్నీ అందులోవే. ఇప్పుడు అమల్లో ఉన్న 2015 చట్టం కుటుంబం బాధ్యతనూ, నిర్బంధం ఆఖరి మార్గం కావాలన్న నియమాన్నీ మూల సూత్రాల్లోనే రాసుకుంది.

> ఇంట్లోవాళ్లు తెలుసుకోవాల్సినవి
>
> బాలుడిని లాకప్‌లో గానీ జైల్లో గానీ పెట్టకూడదు. బేడీలు వెయ్యకూడదు. 24 గంటల్లోగా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ.
>
> తల్లిదండ్రులకూ ప్రొబేషన్ ఆఫీసరుకూ పోలీసులు కబురు పెట్టాలి. ఆఫీసరు రెండు వారాల్లో సామాజిక పరిశోధన నివేదిక ఇవ్వాలి. ఇల్లు, చదువు, స్నేహాలు, ఆరోగ్యం అన్నీ అందులోకి వస్తాయి.
>
> బెయిలే మామూలు పద్ధతి. చెడు సావాసంలోకో ప్రమాదంలోకో పోతాడనుకున్నప్పుడు, న్యాయానికే భంగమనుకున్నప్పుడు మాత్రమే నిరాకరిస్తారు.
>
> తప్పు రుజువైతే మందలించి పంపడం, పిల్లవాడికీ తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ వంటి మార్గాలున్నాయి. ప్రత్యేక గృహానికి పంపినా మూడేళ్లు మించకూడదు.

16 దాటినవాళ్ల మీద హత్యలాంటి దారుణ నేరాల ఆరోపణ వస్తే వేరే మెట్టు ఉంది. కుర్రాడిని పెద్దవాడిలా విచారించాలా వద్దా అని బోర్డు ప్రాథమిక అంచనా వెయ్యాలి. నేరం చేసే శారీరక, మానసిక సామర్థ్యం, పర్యవసానాలు అర్థం చేసుకునే శక్తి, అప్పటి పరిస్థితులు చూడాలి. చల్లని తల, ఉడుకు నెత్తురు తేడా ఇక్కడే ప్రాణం మీదికి వస్తుంది. నెలల తర్వాత, నిశ్శబ్దంగా ఉన్న గదిలో, ఒంటరిగా కూర్చున్న కుర్రాడిని పరీక్షిస్తే కనబడేది చల్లని తలే. ఆ రాత్రి పనిచేసిన తల అది కాదు. 2022 జులైలో బరున్ చంద్ర ఠాకూర్ కేసులో సుప్రీంకోర్టు ఈ అంచనా సున్నితమైన పని అని గుర్తుచేసింది. బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రంలోనో మానసిక వైద్యంలోనో పట్టా ఉన్న సభ్యులు లేకపోతే నిపుణుల సాయం తీసుకోవడం తప్పనిసరి అంది. నిపుణులు వచ్చినా వాళ్లు కొలవగలిగింది ఏమిటి, కొలవలేనిది ఏమిటి అన్నది తీర్పు రాసేవాళ్లకు స్పష్టంగా చెప్పాలి. ఆ నిజాయితీ నివేదికల్లోకి రావాలని నా కోరిక.

స్కూటర్ కేసు అంత దూరం పోదు. చిన్న నేరాల లెక్కలోకి వస్తుంది. ముగ్గురూ పద్దెనిమిది లోపువాళ్లే అయితే ఎఫ్ఐఆర్ కూడా ఉండదు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, కుటుంబ నేపథ్యంతో బోర్డుకు పంపుతారు. అలాంటప్పుడు అన్నిటికంటే విలువైన కాగితం ప్రొబేషన్ ఆఫీసరు నివేదికే. దాన్ని గడులు నింపే పనిగా చూస్తే ఈ వ్యాసంలో చెప్పిన శాస్త్రమంతా గుమ్మం బయటే ఆగిపోతుంది.

అండమాన్‌లో దానికి ఇంకో చిక్కు తోడవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ నూటికి 13 మందికి తెలుగు మాతృభాష. బడిలో, బజార్లో, ఆఫీసులో మాత్రం హిందీ. పిల్లలకు అది నీళ్లు తాగినంత సులువు. తల్లికి వచ్చింది కూరగాయల బేరానికి సరిపడే హిందీ. మన ఇంటి సంగతే చూస్తే, స్టేషన్‌లో ఆ రాత్రి పోలీసు అడిగింది అమ్మకు తెలుగులో చెప్పిందీ, అమ్మ ఏడుస్తూ అన్నది పోలీసుకు హిందీలో చెప్పిందీ కొడుకే. తప్పు చేసినవాడే తల్లికి దుబాసీ. తల్లి అన్నదాంట్లో ఏ మాట వాడు వదిలేశాడో, ఏ మాట మెత్తబరిచాడో ఎవరికి తెలుసు? ఆమె పెద్దరికం ఆ గదిలో ఎంత మిగిలింది?

కాబట్టి ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి ఆమె ఒక్కతే వచ్చిందనుకుందాం. పక్కన తెలుగు తెలిసిన ఇంకో ఉద్యోగిని కూర్చుంది. పేరు, ఊరు, సంపాదన, ఇంట్లో గదులు, తండ్రి తాగుడు, అన్నీ అయ్యాయి. ఆఫీసరు కాగితం తిప్పబోయి ఆగి అడిగింది: “అబ్బాయి ఆలస్యంగా వచ్చిన రోజు, ఎక్కడికెళ్లాడో ఎవరికి చెబుతాడమ్మా?”

“నాకు సెప్పడు. ఆల నాన్నకైతే అసలే సెప్పడు.”

“ఇంకెవరికీ చెప్పడా?”

తల్లి కాసేపు కొంగు అంచు చుట్టుకుంటూ ఉండిపోయింది. తర్వాత, తనకే అప్పుడు తట్టినట్టు తలెత్తింది. “సెల్లికి సెప్తాడు. రాత్రి పడుకున్నాక గుసగుసమని ఇద్దరూ మాటాడుకుంటారు. నానే ఊరుకోమని అరుస్తాను.”

ఆఫీసరు కలం మూసి పక్కన పెట్టింది. “ఏం మాట్లాడుకుంటారో ఎప్పుడైనా విన్నారా?”